కిడ్నీకి వంతులు

ఆ రోజుల్లో నాకో గట్టి నమ్మకం ఉండేది: రోగికి తెలిసిన పనితో పోల్చి చెబితే ఏ వైద్యమైనా ఇట్టే అర్థమైపోతుందని. అవనిగడ్డలో ఓ చిన్న నర్సింగ్ హోములో డాక్టరుగా కొత్తగా చేరాను. ఆ నమ్మకానికి మొదట బలైనవాడు లాకుల మావయ్య. మాకు చుట్టమేమీ కాదు. లస్కరుగా కాలువ తూములు తెరిచి మూసి రిటైరైన పెద్దమనిషి, ఊరందరికీ మావయ్యే. గుండె బలహీనపడి కాళ్లకు నీరు పట్టింది. రోజూ వేసుకోమని పెద్దదొకటి, చిన్నదొకటి, రెండు మాత్రలు రాసి, "కిడ్నీ మీ కాలువలాంటిదే మావయ్యా, ఈ మాత్రలు తూములు తెరుస్తాయి, నీళ్లు పోతాయి" అన్నాను (ఎంత బాగా చెప్పానో అనుకున్నాను కూడా).

వారం తిరిగేసరికి ఆటోలో తీసుకొచ్చారు. కాళ్లు బన్నుల్లా ఉబ్బాయి, నాలుగు మెట్లకే ఆయాసం. నాకు భయమేసింది. మాత్రలు వేసుకోలేదా అని అడిగితే నొచ్చుకున్నాడు.

"వేసుకోకేంటండీ! ఓ రోజు పెద్దది, ఓ రోజు చిన్నది. మేం కాలవలకి పెట్టినట్టే వంతులు పెట్టాను. రెండు తూములూ ఒక్కసారే తెరుస్తారేంటండీ ఎవరైనా?"

"రోజూ రెండూ అని చెప్పానా లేదా?"

"చెప్పారండీ. కానీ తూము తెరిస్తే నీళ్లు చేలోకి కదండీ పోయేది, మురుక్కాలవలోకి ఎలా పోతాయి? చిన్నపిల్ల, తెలీక చెప్పారనుకున్నా."

ఉడుక్కున్నాను గానీ, ఆయనదే నిజం. నేను తలకిందులుగా చెప్పాను. ఇంజెక్షన్ ఇచ్చి, ఆయాసం తగ్గాక, ఇవాళ ఈయనకు అర్థమయ్యేదాకా కదలనని పంతం పట్టి మంచం పక్కన కూర్చున్నాను. కాగితం మీద కాలువ గీశాను.

"కిడ్నీ వడగట్టిన నీళ్లన్నీ ముందు ఈ కాలువలో పడతాయి. దారి పొడవునా ఉన్న తూములు ఉప్పునీ, దాని వెంట నీళ్లనీ మళ్లీ ఒంట్లోకి లాక్కుంటాయి. మిగిలిందే మూత్రం. మాత్ర చేసేది తూము మూయడం. పెద్దది ఈ మెలిక దగ్గరున్న పెద్ద తూము మూస్తుంది. నీళ్లు బాగా పోతాయి, వాటితో పొటాషియమూ కొట్టుకుపోతుంది. చిన్నది చివరనున్న శివారు తూము మూసి ఆ పొటాషియాన్ని కాపాడుతుంది." (నడిమి తూము మూసే మూడో రకం ఉంది, ఎక్కువగా బీపీకి వాడతాం. దాని ఊసెత్తే ధైర్యం చేయలేదు.)

ఆయన చాలాసేపు ఆ గీత చూశాడు. "అయితే పైన మూసి శివారున వదిలేస్తే, అక్కడ మళ్లీ లాగేసుకుంటుందన్నమాట. రెండూ ఒక్కసారే మూయాలి. ఆ ముక్క ముందే చెప్పొచ్చుగదండీ!"

పదో రోజున నడిచే వచ్చాడు. కొత్త చెప్పులు చూపించి, "వాపుకని పెద్ద సైజు కొన్నానండీ, ఇప్పుడు వదులైపోయాయి" అన్నాడు. వంగి పాదం నొక్కి చూశాను. వాపుంటే పడే గుంట పడలేదు. అంతే, ఏడుపొచ్చేసింది. ఆయన కంగారుపడి, "నా కాళ్లలో నీరు కదండీ తీయాల్సింది, మీ కళ్లలోంచి వస్తోందేంటి?" అన్నాడు.

ఇప్పుడు నాకు అంత తేలిగ్గా ఏడుపు రాదు. అప్పటి నాలోని ఆ డాక్టరమ్మ గుర్తొస్తే నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా.