మునిరాజప్ప ఎడమ చెంప

2023, మామిడి సీజన్. హోసూరు బస్టాండుకు నాలుగు సందుల అవతల నా సెలూన్. రెండు కుర్చీలు, గోడంత అద్దం, ఆగకుండా తిరిగే నా నోరు. ఎనిమిదో క్లాసులో లెక్కల అయ్యవారికీ నాకూ కుదరక ఈ పనిలోకి వచ్చినాను. ఇరవై ఆరేళ్ళుగా తలలే చూస్తా ఉండాను గానీ నా అధికారం వెంట్రుకల వరకే. వాటి కింద ఎముక, ఎముక కింద మెదడు. అది డాక్టర్ల ఇలాకా. ఒక్కసారి మాత్రం ఆ సరిహద్దు దాటాల్సి వచ్చింది.

పొద్దున తొమ్మిదింటికి మునిరాజప్ప వచ్చినాడు. పక్కనుండే బేరిగై ఊరి మనిషి, యాభై దాటింది, సొంత మినీ లారీలో మామిడికాయలు కృష్ణగిరి మండీకి తోలతాడు. బయట బండి నిండా లోడు, ముందు సీట్లో భార్య రత్నమ్మ. తాళాలు అద్దం కింద బల్ల మీద పడేసి, "బిరీన కటింగు కానీప్పా, ఎండెక్కితే కాయ మెత్తబడతాది" అంటా కూర్చున్నాడు. కత్తెరలకు చోటు కోసం ఆ తాళాలను నేను ఎడమ పక్కకు జరిపినాను.

చూస్తే కుడి చెంప నున్నగా ఉంది. ఎడమ చెంప మీద మూడు రోజుల గడ్డం.

"ఏమప్పా, ఒక మడి కోసి ఇంకో మడి ఇడిచిపెట్టినావే? కూలోళ్ళు దొరకలేదా?"

"పొద్దున నేనే గీసుకున్నాను. రెండు పక్కలా బాగానే ఉంది. నీ కండ్లు తుడుచుకో."

బెంచీ మీద కాచుకోని ఉన్న ఇద్దరు నవ్వినారు. నాకు ఇంకా ఊపొచ్చింది. కటింగులో చివరి పని సైడ్ లాక్ లెవెల్ చూడటం. సైడ్ లాక్ అంటే చెవి ముందర దిగే వెంట్రుకల పట్టీ. రెండు పక్కలా సమంగా ఉందా లేదా అని వేళ్ళు ఆనించి అద్దంలో చూపిస్తాం. ఎంత పెద్దమనిషైనా కన్ను ఆ పక్కకీ ఈ పక్కకీ రెండుసార్లన్నా తిప్పతాడు. ఆటపట్టిద్దామని ఎడమ పక్క అసలు కత్తెరే పెట్టకుండా, "లెవెల్ చూడప్పా" అన్నాను. తిడతాడని కాచుకున్నాను.

ఆయప్ప కన్ను కుడి పక్కనే ఉండిపోయింది. "బాగుంది" అని లేచినాడు.

నాకు నవ్వు రాలేదు.

తాళాల కోసం బల్ల తడమతా ఉన్నాడు. కుడి పక్క దువ్వెనల డబ్బా ఎత్తి చూసినాడు, పౌడరు డబ్బా జరిపినాడు. తాళాలు ఎడమ పక్క, జానెడు దూరంలో, మెరస్తా ఉన్నాయి.

"యాడ దాచినావు? ఆటలకు టైం లేదప్పా."

"దాచలేదు. నీ ముందరే ఉండాయి చూడు."

"చాల్లే నీ వేషాలు!"

బెంచీ వాళ్ళు పొట్ట పట్టుకోని నవ్వతా ఉన్నారు. ఇరవై ఆరేళ్ళు ఊరందరినీ ఏడిపించినోడు ఒకనాడు నిజం చెప్తే నమ్మేదెవరు? తాళాలు ఎత్తుకోని బండి దగ్గరికి పరుగెత్తినాను.

"అమ్మా, మునిరాజప్పకు ఒళ్ళు బాగుందా?"

"మొన్న తోటలో కండ్లు తిరిగి కూలబడినాడు. ఎండదెబ్బని మజ్జిగ తాపించినాము, లేచి నడిచినాడు" అనింది రత్నమ్మ. "అప్పట్నించి నా మీద ఏం కోపమో! దోవంతా మాట్లాడినా నా పక్క తిరగడు. పళ్ళెంలో సగం అన్నం పెట్టుకోనే, చాలలేదు ఇంకా వెయ్యమంటాడు. వచ్చేటప్పుడు గేటుకు గీసి అద్దం కూడా పగలగొట్టినాడు."

పగిలింది ఎడమ అద్దం. ఆయమ్మ కూర్చునేది ఎడమ సీటు. హైవేలో ఎడమ పక్కన పోయేదెవరు? సైకిళ్ళు, గొర్రెలు, బడి పిల్లోళ్ళు.

ఆయమ్మను లోపలికి పిలుచుకొచ్చి, ఆయప్ప ఎడమ భుజం దగ్గర నిలబెట్టినాను. "ఇప్పుడు పిలువమ్మా."

"ఏమయ్యా!"

మునిరాజప్ప కుడి పక్కకు తిరిగినాడు. ఇంకా తిరిగినాడు. గోడ దాకా వెతికి, "యాడుండావే?" అన్నాడు.

బెంచీ మీది ఇద్దరూ లేచి నిలబడినారు.

"నాకేమైంది? అన్నీ కనపడతానే ఉండాయి కదా!" అని ఆయప్ప ఎగిరినాడు. కాయ కుళ్ళిపోతే నువ్విస్తావా అని నా మీదికొచ్చినాడు. రత్నమ్మ నా చేతిలోని తాళాలు గుంజుకోని, కొంగున ముడేసుకోని, పోయి సందులో నిలబడిన ఆటోలో కూర్చునింది. తాళాల వెనకే ఆయప్ప, ఆయప్ప వెనక నేను. ఆస్పత్రి దాకా నా ఏడు తరాలనూ తిట్టినాడు. సగం కటింగుతో ఒక మనిషిని బయటికి పంపింది నా సర్వీసులో అదొక్కసారే.

స్కాన్ తీసినారు. మెదడు కుడి భాగానికి పోయే సన్న రక్తనాళంలో నెత్తురు గడ్డ కట్టింది, స్ట్రోక్ అన్నారు. కాలూ చెయ్యీ పడిపోలేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. కండ్లు రెండూ బాగుండాయి, ఎడమ పక్కను పట్టించుకొనే మెదడు భాగమే దెబ్బతినింది అని డాక్టరమ్మ చెప్పింది. దాని పేరు నెగ్లెక్ట్ అంట. "పడిన రోజే తెచ్చింటే ఇంకా బాగా చేసుండొచ్చు. ఈ పొద్దు మాత్రం బండి తోలనియ్యకుండా మంచి పని చేసినారు" అనింది.

తర్వాత ఫిజియోథెరపీ. వాళ్ళు చెప్పినట్టే నా అద్దం ఎడమ అంచున ఎర్ర టేపు అంటించినాను. అది కనపడే దాకా ఆయప్ప తల తిప్పాల. నేను ఎప్పుడూ ఎడమ పక్క నిలబడే ఎగతాళి చేస్తాను. మొదట్లో నా జోకులన్నీ గాలికి పోయినాయి. అయిదో నెలలో ఒకనాడు గబుక్కున ఎడమ పక్కకు తిరిగి, నా మొహంలోకి చూసి, "నోరు మూస్తావా లేదా?" అన్నాడు. అంత సంతోషంగా నేనెప్పుడూ తిట్లు తినలేదు. బండి తోలేదానికి డాక్టరమ్మ ఇంకా ఒప్పుకోలేదు. అల్లుడు తోలతాడు, ఆయప్ప పక్కన కూర్చోని వాణ్ణి సాధిస్తాడు.

ఒకనాడు గడ్డం గీయించుకుంటా అడిగినాడు: "అప్పా, ఆ మూడు రోజులూ నాకేమీ తక్కువైనట్టు అనిపించలేదు. చీకటి లేదు, మసక లేదు. లోకమంతా ఉన్నట్టే ఉండె. అదెట్ల?"

కత్తి ఆపేసినాను. కనపడకుండా పోయినదాని చోట ఖాళీ కూడా కనపడదని ఆయప్ప దగ్గరే నేర్చుకున్నాను. అందుకే పక్కన ఒక మనిషి ఉండాల, ఆ మనిషి చెప్తే నమ్మాల.

ఆ దినం మధ్యాన్నం అన్నానికి ఇంటికి పోయి నా భార్యను అడిగినాను. "నిజం చెప్పు. నాకు కనపడకుండా నాలో ఏమన్నా ఉందా?"

ఆయమ్మ గరిటె కింద పెట్టి, పీట జరిపి, "కూర్చో" అనింది. "ఇన్నాళ్ళకు అడిగినావు."