సీటు గొట్టం కోయని సైకిల్

మా వదిన నోట్లో నాలుక లేని మనిషి. ఆ లోటు నేను తీరుస్తుంటాను. అందుకే ఈ కథ ఆమె చెప్పదు, నేను చెప్పాలి. చెబుతున్నంతసేపూ నాకు ఒళ్ళు మండుతూనే ఉంటుంది, ముందే చెబుతున్నాను.

వీధి మలుపులో మా ఇద్దరిదీ టైలరింగ్ షాపు. బడి యూనిఫారాలు, కోట్లు, ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం. వదిన గుడ్డ కోస్తుంది, నేను కుడతాను. గిరాకీతో మాట్లాడే పని కూడా నాదే. ఆమె మాత్రం మనిషి గడప దాటి లోపలికి వచ్చేలోగా కంటితోనే కొలిచేస్తుంది. టేపు మెడలో ఎప్పుడూ ఉంటుంది కానీ చాలాసార్లు అది ఎదుటివాళ్ళ నమ్మకం కోసమే.

నలభై దాటాక ఈ మనిషికి ట్రయాథ్లాన్ పిచ్చి పట్టింది. ఈత, సైకిల్, పరుగు, మూడూ ఒకే రోజు, మధ్యలో కూర్చోకుండా. "నీకేమైనా మతి పోయిందా వదినా, ప్యాంటు మడత విప్పడానికి కింద కూర్చుంటే లేవలేవు" అన్నాను. నవ్వి ఊరుకుంది. ఏడాది తిరిగేసరికి చేపలా ఈదింది. పోయినసారి పోటీలో నీళ్ళలోంచి బాగానే బయటపడింది. సైకిల్ దగ్గరే దెబ్బతింది. గడువు దాటిపోయిందని జెండా అడ్డం పెట్టి ఆపేశారు. పరుగు మొదలుపెట్టనే లేదు. ఆగిపోయినవాళ్ళను ఎక్కించే బస్సులో కిటికీ పక్కన కూర్చుని వచ్చింది. నేను ఎదురెళ్ళి చేయి పట్టుకుంటే, "ఒక్కసారి ఆ చివరి గీత దాటాలి. ఒక్కసారి చాలు" అంది. ఆమె ఇది కావాలి అని నోరు తెరిచి అనగా నేను వినడం అదే మొదలు.

మామూలు సైకిల్‌తో కాదని తేలింది. టైమ్ ట్రయల్ సైకిల్ కొనాలి. అది వేరే జాతి. నిటారుగా కూర్చోవడం ఉండదు. ముందున్న రెండు మెత్తల మీద ముంజేతులు ఆనించి, వీపు వంచి, గాలికి తల దించి తొక్కాలి. మంచిది కొనాలంటే కారు కొన్నంత పని. వదిన రెండు సీజన్ల యూనిఫారాల సంపాదన దానికే అట్టిపెట్టింది. మా అన్నయ్య కూడా కాదనలేదు.

ఎంచి పెట్టే పని ఎవరిది? వదిన వాళ్ళన్నయ్యది. ఇంకెవరిది!

ఆయన్ని అందరూ ఛాంపియన్ అంటారు. కుర్రతనంలో ఏదో సైకిల్ పందెం గెలిచాడు. ఆ కప్పు ఇప్పటికీ టీవీ మీద ఉంటుంది. ఇప్పుడు పెద్ద సైకిళ్ళ షాపులో మెకానిక్. వదినకి చిన్నప్పుడు సైకిల్ నేర్పింది ఆయనే. ఇప్పుడు రోజూ తెల్లారి ఆమె వెనక స్కూటర్ మీద వస్తూ "లాగు చెల్లీ, లాగు! నువ్వు చేస్తావు!" అని అరిచేదీ ఆయనే. ఆ అరుపు వింటే వదిన మొహం వెలిగిపోయేది. నిజం చెప్పాలి, నాకూ ముచ్చటేసేది.

కొనడానికి ముగ్గురం ఆయన పనిచేసే షాపుకే వెళ్ళాం. షాపులో రెండు మిగిలాయి. ఒకటి చిన్నది, ఆకుపచ్చది, పోయినేటి మోడల్. రెండోది బూడిద రంగుది, పొడుగాటిది, కొత్తది. వదిన చేయి తిన్నగా ఆకుపచ్చ దాని మీదికి వెళ్ళింది.

"అది పిల్లలదే," అన్నాడు ఛాంపియన్. "పోటీకి వెళ్ళేవాళ్ళు సాగి తొక్కాలి. ఇది ఎక్కు."

బూడిద రంగుదాన్ని స్టాండుకి బిగించి వదినని ఎక్కించాడు. ముంజేతులు మెత్తల మీద ఆనాలంటే ఆమె బట్టలు ఆరేసే తీగ అందుకున్నట్టు సాగాల్సి వచ్చింది. సీటు కూడా ఎత్తుగా ఉంది. తొక్కుతుంటే నడుం అటూ ఇటూ ఊగుతోంది.

"సీటు ఇంకాస్త దించన్నయ్యా."

"ఇక దిగదు. సీటు కింది గొట్టం లోపల అడుగుకి తగులుతోంది."

"అయితే గొట్టం కాస్త కోసెయ్యి."

"కోస్తే మళ్ళీ అతుకుతుందా? తొందరెందుకు! నాలుగు రోజులు తొక్కితే ఒళ్ళే అలవాటు పడుతుంది."

వదిన తల ఊపింది. బయటికొచ్చాక నాతో, "చూశావా, మనం యూనిఫారాల్లో లోపల బట్ట వదిలినట్టు వదిలాడు. మా అన్నయ్య ముందుచూపు అలా ఉంటుంది" అని మురిసిపోయింది. ఎదిగే పిల్లలకి మడతలో బట్ట వదులుతాం. నలభై దాటిన మనిషి ఇంకెక్కడికి ఎదుగుతుందని నేనైనా అడగలేదు. ఊళ్ళో అందరికీ కొలతలు తీసే మనిషి, మెడలో టేపు వేలాడుతూనే ఉంది, ఆ సైకిల్ మీద ఒక్కసారి పెట్టి చూడలేదు. అన్న చెప్పాక ఇంక టేపెందుకు?

నాలుగు రోజులు కాదు, నెలలు గడిచాయి. ఒళ్ళు అలవాటు పడలేదు. మెడ పట్టేసేది. తల తిప్పాలంటే భుజాలతో సహా తిరిగేది. తర్వాత చేతివేళ్ళు మొద్దుబారడం మొదలైంది. ఒకరోజు కోటు గుడ్డ కోస్తుంటే కత్తెర జారి, గీత దాటి పోయింది. ఇన్నేళ్ళలో ఆమె గుడ్డ పాడుచేయడం నేను చూడలేదు. ఆమె కూడా చూడలేదు కాబోలు, ఆ గుడ్డ ముక్కని అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

ఛాంపియన్‌కి చెబితే, "సైకిల్‌కేం, బంగారం లాంటిది. నీ మెడే బలహీనం" అన్నాడు. వదిన నమ్మింది. మెడకి వ్యాయామాలు మొదలుపెట్టింది. నాకు చిర్రెత్తుకొచ్చి, "బంగారు కత్తి అని మెడ కోసుకుంటామా?" అంటే, "ఊరుకో, వాడు నాకు చెడు చేస్తాడా" అని నా నోరు మూయించింది.

పోటీ ఇంకో నెల ఉందనగా ఛాంపియన్ షాపుకి ఒక సంచీ తెచ్చాడు. అందులో ఒంటికి అంటుకునే రేసు సూటు, మెడ నుంచి తొడల దాకా ఒకటే ముక్క. "మా గిరాకీది చెల్లీ. అక్కడక్కడా వదులైంది, సుద్దతో గుర్తులు పెట్టాను. కాస్త బిగించు" అని ఇచ్చి, మాటల్లో పెట్టకముందే వెళ్ళిపోయాడు. ఎప్పుడూ కూర్చుని గంట మాట్లాడే మనిషి.

వదిన సూటు తిరగేసి బల్ల మీద పరిచింది. సుద్ద గుర్తుల మీద వేలు పెట్టి చూసుకుంటూ వచ్చి ఎడమ భుజం దగ్గర ఆగింది. అక్కడ కుట్టు వేలెడు కిందికి దించమని గుర్తు ఉంది. వదిన కూర్చుండిపోయింది.

"ఏమైంది వదినా?"

"ఈ భుజం నాకు తెలుసు" అంది.

చిన్నప్పుడు వాళ్ళన్న ఆమెని వెనక కూర్చోబెట్టుకుని వాలులో సైకిల్ వదిలేస్తే ఇద్దరూ పడ్డారట. ఆయన మెడ కింది ఎముక విరిగింది. అతికింది కానీ ఎడమ భుజం దిగిపోయింది. వదిన కత్తెర పట్టినప్పటినుంచి ఆయన వేసుకున్న ప్రతి చొక్కా తనే కుట్టింది, ప్రతి చొక్కాకీ ఆ భుజం వేలెడు దించే కుట్టింది. ఆ పొడుగాటి మనిషి కొలతలు ఆమెకి నోటికి వచ్చు. టేపు పట్టిన పాపాన పోలేదు.

సూటు ఆయనదే అయితే, ఆయన తొక్కబోయే సైకిల్ ఏది? ఆయనకి సొంత సైకిల్ లేదు కదా!

పొద్దున తొక్కి తెచ్చిన బూడిద రంగు సైకిల్ షాపు గోడకి ఆనించి ఉంది. వదిన మెడలోంచి టేపు తీసింది. సీటు నుంచి కింది పెడల్ దాకా పెట్టింది. సీటు నుంచి ముంజేతి మెత్తల దాకా పెట్టింది. సీటు గొట్టాన్ని పైకి లాగితే ఎంత వస్తుందో చూసింది. పెదాలు కదులుతున్నాయి, మనసులో ఉన్న అన్న కొలతలతో సరిచూసుకుంటోంది. ఆఖరికి టేపు మడత పెట్టకుండానే కింద పడేసింది.

"ఇది నాకు కోసిన బట్ట కాదు" అంది. "వాడికి కోసింది. నేను కొన్నాను."

నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయకూడదు. కంచే చేను మేసిందనడం వినడమే, కళ్ళతో చూడటం అదే మొదలు. ఆ పళంగా ఇద్దరం సైకిళ్ళ షాపుకి వెళ్ళాం. వదిన సూటు బల్ల మీద పెట్టింది. ఛాంపియన్ తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

"ఇది నీదేనా అన్నయ్యా?"

"అది కాదు చెల్లీ... నీ పోటీ అయ్యాక నెలకి ఒక పందెం ఉంది. పేరిచ్చాను. నీ బండి అప్పటికి ఖాళీయే కదా అని..."

"ఎందుకు ఖాళీ?"

ఆయన చేతులకున్న గ్రీజు తుడుచుకుంటూ, ఆమె మొహంలోకి చూడకుండా అన్నాడు. "నువ్వు ఎలాగూ మళ్ళీ సైకిల్ దగ్గరే ఆగిపోతావు కదా. ఆ తర్వాత మోజు తీరిపోతుంది. అంత మంచి బండి మూలన పడటం ఎందుకని, ఎవరికైనా పనికొచ్చే సైజు తీయించాను. ఇన్నేళ్ళు ఊరందరి బండ్లూ బాగుచేశాను, నాకంటూ ఒక్కటి లేదు. తప్పేముంది?"

వదిన సూటు ఆయన వైపు తోసింది. "మరి రోజూ పొద్దున్నే వెనకాల వచ్చి, నువ్వు చేస్తావు, నువ్వు చేస్తావు అని అరిచావెందుకు?" అని అడిగింది. ఆయన బల్ల మీది పానా తీసుకుని వెనక గదిలోకి వెళ్ళిపోయాడు.

సైకిల్ పోతే పోయింది, మెడ పోతే పోయింది. ఆ అరుపు అబద్ధమని తెలియడమే ఆమెకి తగిలిన దెబ్బ. ఇంటికి వచ్చేదాకా కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. నేనూ ఏడ్చాను, కానీ నాది కోపంతో.

మర్నాడు సైకిళ్ళ షాపు యజమానితో మాట్లాడే పని నాకొచ్చింది. ఆయన్ని మాటలతో ఉతికి ఆరేశాను, పాపం ఆయన తప్పేమీ లేకపోయినా. బూడిద రంగుది తీసుకుని ఆకుపచ్చది ఇచ్చాడు. డబ్బు నష్టం మాకే, కానివ్వండి. ఈసారి వదిన టేపు పెట్టి తనే కొలుచుకుంది. సీటు గొట్టం ఎంత కోయాలో సుద్దతో గీసి యజమాని చేతే కోయించింది. రంపం కోస్తున్నంతసేపూ ఛాంపియన్ వెనక గదిలోనే ఉన్నాడు. బూడిద రంగుదాన్ని వారం తిరక్కుండా పొడుగాటి పళ్ళ డాక్టరొకడు కొనుక్కుపోయాడు.

పోటీ రోజున వదిన సైకిల్ గడువులోపే దిగింది. పరుగు కూడా పూర్తి చేసింది. చివరి గీత దాటేసరికి చుట్టుపక్కల జనం పలచబడ్డారు. నేను గొంతు చించుకుని అరుస్తున్నాను. ఆమె గీత దాటి ఆగి, నన్ను చూసి నవ్వి, నా పక్కన ఖాళీగా ఉన్న చోటు వంక చూసింది. వాడి మొహం మండ, గెలిచిన రోజున కూడా ఆ చూపు వాడికే పోయింది.

మరికొన్నాళ్ళకి ఛాంపియన్ మా షాపుకి వచ్చాడు, చొక్కా గుడ్డ చంకలో పెట్టుకుని, ఏమీ జరగనట్టు. "ఎప్పట్లాగే కుట్టు చెల్లీ" అన్నాడు. నేను నోరు తెరవబోతే వదిన చేయి పెట్టి ఆపింది.

మెడలోంచి టేపు తీసింది. ఆయన ఎదుట నిలబడింది.

"కొలతలెందుకే? నీకు తెలియనివా?" అని ఆయన నవ్వబోయాడు.

"నిటారుగా నిలబడండి" అంది వదిన. "చెయ్యి కాస్త చాపండి."

పుట్టి బుద్ధెరిగాక అన్నని ఆమె మీరు అనడం అదే మొదటిసారి. ఆయన చెయ్యి చాపాడు. వదిన కుడి భుజం కొలిచింది, ఎడమ భుజం కొలిచింది, అంకెలు నాకు చెప్పింది. తర్వాత బయటి గిరాకీని అడిగినట్టే అడిగింది.

"పేరు చెప్పండి."