పదకొండో నంబరు మొలతాడు

రాజమహేంద్రవరంలో ఒక మెడికల్ కాలేజీ. అందులో పిల్లలు శవాలను కోసి చదువుకునే హాలు ఉంది. దాని తాళాలు ఇరవై తొమ్మిదేళ్ళుగా సామ్యేలు దగ్గరే ఉన్నాయి. ప్రొఫెసర్లు మారారు, రాతి బల్లలు పోయి స్టీలు బల్లలు వచ్చాయి, సామ్యేలు మాత్రం మారలేదు. ఉద్యోగం పేరు అటెండరు. వచ్చిన దేహానికి కుళ్ళకుండా మందెక్కించడం, తల గొరగడం, కాలి బొటనవేలికి నంబరు బిళ్ళ కట్టడం, క్లాసు రోజున బల్ల మీదికి చేర్చడం, అయ్యాక తడిగుడ్డ కప్పడం ఆయన పనులు. ఇవి కాక, మొదటిరోజు కళ్ళు తిరిగి పడిపోయే పిల్లల కోసం గుమ్మం పక్కన ఒక కుర్చీ, ఒక నిమ్మకాయ సోడా సిద్ధంగా ఉంచుతాడు. ఎవరు పడతారో ముఖం చూసి చెప్పేస్తాడు. ముందు వరసలో నిలబడి ధైర్యంగా నవ్వేవాళ్ళే ఎక్కువగా పడతారట.

సొంతూరు తణుకు. తండ్రి చక్కెర ఫ్యాక్టరీ దగ్గర చెరుకు లోడ్లు దింపేవాడు. ఇరవై ఎనిమిదేళ్ళ వయసులో ఈ ఉద్యోగంలో చేరినప్పుడు సామ్యేలుకు వారం రోజులు అన్నం సయించలేదు. మందు వాసన చేతుల్లోంచే కాదు, భార్య పెట్టిన పప్పన్నంలోంచి కూడా వచ్చేది. అప్పటి పెద్ద అటెండరు ఆయనకు పని నేర్పాడు. ఆ పాఠాల్లో గట్టిగా చెప్పింది ఒక్కటే. కోసి తీసింది ఏదైనా ఆ బల్ల కింది బకెట్టులోనే వెయ్యాలి, ఒకరిది ఒకరితో కలపకూడదు. "కళ్ళు మూసుకున్నాడు గదాని మనిషిని కలగాపులగం చెయ్యకూడదు రా" అనేవాడాయన.

చేరిన రెండో నెలలో ఒక ముసలాయన దేహం వచ్చింది. పెద్దాసుపత్రిలో పోయాడు, నా అన్నవాళ్ళెవరూ రాలేదు. నడుముకు మాసిన నల్ల మొలతాడు, దానికి చిన్న తాళంచెవి ఉన్నాయి. కత్తిరించి చెత్తబుట్టలో పడేయమన్నారు. సామ్యేలు కత్తిరించాడు గానీ పడెయ్యలేకపోయాడు. ఎక్కడో ఒక ట్రంకుపెట్టె ఈ చెవి కోసం తాళం వేసుకుని కూర్చుని ఉంటుందనిపించింది. కాగితంలో చుట్టి, మీద నంబరు వేసి, ఖాళీ బిస్కెట్ల డబ్బాలో పెట్టాడు. అప్పటినుంచి మగవాళ్ళయితే మొలతాడు, ఆడవాళ్ళయితే జుట్టుకున్న రబ్బరు బ్యాండు, డబ్బాలోకి చేరుతూనే ఉన్నాయి.

మరి ఆ డబ్బాని ఏం చెయ్యాలి? కార్తీకం వెళ్ళిన మర్నాడు, పోలి పాడ్యమినాడు తెల్లారగట్ల, ఆడవాళ్ళంతా అరటిదొప్పల్లో దీపాలు పెట్టి గోదారిలో వదులుతారు. ఆ సందట్లో తనను ఎవరూ పట్టించుకోరని సామ్యేలుకు తెలుసు. ఏటా ఆ పూట డబ్బాతో రేవుకు వెళ్ళి, ఒక్కో పొట్లం విప్పి, నంబరు మెల్లగా చదివి నీళ్ళలో వదిలేసేవాడు. ఆదివారం చర్చి తప్పని మనిషి ఈ పనేంటని మీరడగవచ్చు. ఆ మాట తనని తాను ఆయనా అడిగి చూసుకున్నాడు. వాళ్ళు ఏ దేవుడికి దండం పెట్టుకున్నారో తనకు తెలియదు, గోదారి మాత్రం ఎవర్నీ అడగదని తేల్చుకున్నాడు. ఈ సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు.

ఆ హాలుకు పెద్ద, ప్రొఫెసరు దుర్గాశ్రీ మేడం ఏటా మొదటి క్లాసులో చెప్పే పాఠం ఆయనకు కంఠతా వచ్చు. వెనకాల నిలబడి పెదాలు కదుపుతూ ఉంటాడు. సుశ్రుతుడి కాలంలో దేహాన్ని గడ్డితో చుట్టి, పంజరంలో పెట్టి, మెల్లగా పారే నీళ్ళలో ఏడు రాత్రులు ఉంచేవారు. నానాక వట్టివేళ్ళ కుంచెతో పొరపొరగా తుడుస్తూ లోపల ఏముందో చూసేవారు. తర్వాత ఎన్నో వందల ఏళ్ళు ఎవరూ ముట్టుకోలేదు. ఇటలీలో ఉరితీసిన వాళ్ళను కోసి చదివారు. ఇంగ్లండులో, స్కాట్లండులో సమాధులు తవ్వి దొంగిలించి మరీ చదివారు. మన దేశంలో కలకత్తాలో మొదటిసారి ఒక పండితుడు కత్తి పట్టుకుంటే గౌరవంగా కోటలో ఫిరంగులు పేల్చారని చెప్పుకుంటారు. చివర్లో మేడం పిల్లల్ని చూసి, "వాళ్ళు దొంగతనం చేసి నేర్చుకున్నారు. మీకు ఇచ్చి వెళ్ళారు. దండం పెట్టండి" అంటుంది. పిల్లలు దండం పెడతారు. వాళ్ళ వెనకాల సామ్యేలూ పెడతాడు.

మొన్న శ్రావణంలో ఒక పొద్దున్న మొగల్తూరు నుంచి కారులో రత్నమాణిక్యమ్మగారు వచ్చారు. డెబ్భైకి దగ్గర పడిన మనిషి. వెంట మరిదిగారి కొడుకు ఫణీంద్ర ఉన్నాడు. ఆవిడ భర్త ఆదినారాయణరాజుగారు రొయ్యల చెరువులు చేసేవారు, కిందటేడు శ్రావణంలో పోయారు. దేహం కాలేజీకి ఇవ్వాలని, ఎముకలు కూడా పిల్లలకే ఉంచాలని బతికుండగానే సంతకం చేసి ఇచ్చేశారు. "రొయ్యని కోసి పేగు చూడందే జబ్బేంటో తెలీదు, మనిషిని కొయ్యకుండా ఎలా తెలుస్తుంది?" అన్నది ఆయన వాదన. ఆ మాటకు ఎదురు చెప్పగల మొనగాడు ఆ ఇంట్లో లేకపోయాడు.

ఎల్లుండి ఆయన ఏడూడి, పోయిన ఏడాదికి పెట్టే తద్దినం. ఆ లోపల ఆయనది ఏదో ఒకటి, చిన్న ఎముక ముక్కయినా సరే, గోదారిలో కలపాలని ఆవిడ వచ్చారు. మేడం కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది. రాజుగారు స్వయంగా రాసిన కాగితమది, దాన్ని దాటి ఇవ్వడానికి వీల్లేదు. ఆవిడ తలూపి, దేహం ఇచ్చినప్పటి రసీదు సంచిలోంచి తీసి పట్టుకున్నారు. మేడం క్లాసుకు వెళ్ళిపోయాక మంచినీళ్ళు తెచ్చిన సామ్యేలును చూసి, చేతిలోని రసీదు చూపించారు.

"బాబూ, లోపల చూసుకునేది నువ్వేనా?"

"ఆయ్, నేనేనండి అమ్మగారు. సామ్యేలండి."

"ఆయన బదులు దర్భబొమ్మ చేసి దహనం చేశారు బాబూ. గడ్డిబొమ్మతోనా నేను నలభై తొమ్మిదేళ్ళు కాపురం చేసింది? ఆయన మాట తప్పమనను. ఒంటి మీద ఉన్నదేదైనా, ఓ గుడ్డముక్క అయినా ఉంటే ఇయ్యి. వట్టి చేతుల్తో ఆ నీళ్ళ దగ్గరికి ఎలా వెళ్ళను?"

సామ్యేలు రసీదు చూశాడు. పదకొండో నంబరు. పదకొండో నంబరు మొలతాడు ఆయన చేతుల మీదుగానే కిందటి పోలి పాడ్యమికి గోదారిలో కలిసిపోయింది.

"ఒక్క నిమిషం అమ్మగారండి" అని లోపలికి వెళ్ళాడు. బీరువాలోంచి డబ్బా తీశాడు. ఈ ఏడు వచ్చిన పొట్లాలు నాలుగున్నాయి. పైదాన్ని విప్పితే మామూలు నల్ల మొలతాడు. ఏ మగవాడి నడుముకైనా ఉండేదే, ఏడాది తర్వాత రంగూ పేటా ఎవరు చూస్తారు? ఇది పట్టుకెళ్ళి ఇస్తే ఆవిడ కళ్ళకద్దుకుంటుంది, ప్రాణం కుదుటపడుతుంది. ఎవరికీ నష్టం లేదు, ఎవరికీ తెలియదు. నిజం చెబితే? కులం కాదు, గోత్రం కాదు, చర్చికి వెళ్ళే అటెండరు రాజుగారి వస్తువుని ఎవర్నీ అడక్కుండా నీళ్ళలో కలిపాడంటే ఆ కుర్రాడు ఊరుకుంటాడా? రిటైరుమెంటు ఇంకో రెండేళ్ళుంది. ఆ తాడు పట్టుకునే ఆయన హాల్లోకి చూశాడు. బల్లల కింద బకెట్లు వరసగా ఉన్నాయి, దేని నంబరు దానికి. ఒకరిది ఒకరితో కలపకూడదు. పొట్లం మళ్ళీ కట్టేసి డబ్బాలో పెట్టి, వట్టి చేతులతో బయటికి వచ్చాడు.

జరిగిందంతా నిలబడే చెప్పాడు. తాళంచెవి దగ్గర మొదలుపెట్టి పోలి పాడ్యమి దాకా.

ఫణీంద్ర లేచాడు. "మీరెవరండీ కలపడానికి? మా పెదనాన్నగారండీ ఆయన. ఒక్క ఫోను చెయ్యొచ్చుగా?"

"తప్పేనండి. మాకు పేర్లు చెప్పరండి బాబుగారూ. నంబరే ఇస్తారండి."

రత్నమాణిక్యమ్మగారు చెయ్యెత్తి అతన్ని ఆపారు. "ఎలా ఉంది ఆ మొలతాడు? నీకు గుర్తుందా?"

"ఉందండి. మామూలు మొలతాడు కాదండి. వల అల్లే పచ్చ నైలాను దారం అండి, మూడు పేటలు మెలేసి ఉంది. ముడి రాక కత్తెర రెండుసార్లు పట్టాల్సొచ్చిందండి."

ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో సామ్యేలుకు కాసేపటిదాకా అర్థం కాలేదు.

"కొట్లో కొన్నది చెరువు నీళ్ళకి నెల తిరక్కుండా పుచ్చిపోతోందని తనే పేనుకున్నారు. సిగ్గుచేటు, విప్పండి మహానుభావా అని ఎన్ని పండగలకి మొత్తుకున్నానో!" కళ్ళు తుడుచుకున్నారు. "ఇంకేదో నల్లది తెచ్చి ఇదేనని ఇచ్చుంటే ఆయనది కాదని చూడగానే తెలిసిపోయేది."

సామ్యేలు ఒకసారి వెనక్కి తిరిగి బీరువా ఉన్న వైపు చూశాడు.

"నైలాను పుచ్చదు" అన్నారావిడ తనలో తాను. "మా చెరువులకి వచ్చేదీ ఈ గోదారి నీళ్ళే. ఈపాటికి ఇంటికి వచ్చేసి ఉంటారు." తలెత్తి, "ఏ రేవులో కలిపారు? ఆ మెట్టు చూపిస్తారా?" అని అడిగారు. నువ్వు కాస్తా మీరు అయిందని ఆవిడా గమనించలేదు, సామ్యేలు గమనించాడు.

మధ్యాహ్నం ముగ్గురూ రేవుకు వెళ్ళారు. శ్రావణం గోదారి ఎర్రగా, నిండుగా, పై మెట్లదాకా వచ్చి ఉంది. ఆయన నిలబడే మెట్టు నీళ్ళలో మునిగిపోయింది. అదిగో అని చెయ్యి చూపించాడు. రత్నమాణిక్యమ్మగారు ఫణీంద్ర చెయ్యి పట్టుకుని నీళ్ళను ఆనుకుని ఉన్న మెట్టు మీద కూర్చున్నారు.

"నంబరుతో పంపారు గదా. పేరు నేను చెప్పాలి."

"నేను చెప్తాను పెద్దమ్మా. నువ్వెప్పుడూ పెదనాన్న పేరు..."

"నువ్వాగు."

నలభై తొమ్మిదేళ్ళలో ఆవిడ మొగుడి పేరు పలికి ఎరగరు. రేషను కార్డు దగ్గర కూడా పక్కవాళ్ళే చెప్పేవారు. దోసెడు నీళ్ళు తీసుకుని, గొంతు సవరించుకుని, రెండుసార్లు ఆగి, "పెన్మెత్స ఆదినారాయణరాజు" అన్నారు. నీళ్ళు వదిలారు. ముఖం తేటపడింది. కొత్త పెళ్ళికూతురిలా కాస్త సిగ్గుపడ్డారు కూడా.

లేస్తారనుకుని ఫణీంద్ర చెయ్యి అందించాడు. ఆవిడ లేవలేదు.

"ఆ పూట ఆయనతో పాటు ఇంకా ఎవరున్నారు?"

"ఇంకో ఆరుగురండి. నలుగురికి ఎవరూ లేరండి. పేర్లు తెలీవు."

"నంబర్లు తెలుసుగా? చెప్పండి సామ్యేలు గారూ."

సామ్యేలు చెప్పులు విప్పి ఆవిడకు రెండు మెట్లు పైన నిలబడ్డాడు. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఎవరికీ వినపడకుండా చదివినవాటిని మొదటిసారి గట్టిగా చెప్పాడు. ఆరు. ఆవిడ దోసెడు నీళ్ళు వదిలారు. ఏడు. ఎనిమిది. తొమ్మిది. పది. పన్నెండు. అయిపోయింది. ఆయన నోరు మాత్రం మూతపడలేదు.

"ఇంకొకాయన ఉన్నారండి. చాలా ఏళ్ళయింది. తాళంచెవి ఆయన."

ఆవిడ వెనక్కి తిరగకుండానే మళ్ళీ నీళ్ళలోకి చేతులు పెట్టారు.