అన్న గిటార్లో గుయ్యిమనే చప్పుడు

దయ్యాల మాటెత్తితే నాకు ఇప్పటికీ నవ్వే వస్తుంది. శంషాబాద్‌లో రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేసి బతికినవాణ్ణి. ఏ చప్పుడు విన్నా ముందు వైరు వెతుకుతాను. ఈ ఒక్కదానికే దొరకలేదు.

తొంభైల నాటి మాట. మా అన్న శంషాబాద్ పక్కనే ఉన్న సాతంరాయి చర్చిలో ఎలక్ట్రిక్ గిటార్ వాయించేవాడు. పాత గిటార్, కరెంటు పెట్టగానే గుయ్యిమనేది. తీగలకు ఎర్త్ ఉంటుంది కాబట్టి వాటి మీద అరచెయ్యి ఆనిస్తే ఆగేది. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టగానే అన్న చెయ్యి ఆనించి, ఆమెన్ అన్నాకే తీసేవాడు.

కామెర్లతో అన్న పోయాడు. ఆ రోజు నుంచి వదిన ప్రార్థన మానేసింది. మేం బతిమాలితే, "ఎవరికి చెయ్యాలె?" అనేది. తిండి కూడా అంతంతమాత్రమే. మా ఇంటిల్లిపాదికీ ఆమె గురించే బెంగ.

అన్న జ్ఞాపకార్థం జరిపే ప్రార్థన కూడికలో ఆ గిటార్ మోగాలని మాత్రం ఆమే అడిగింది. దాని స్వరం బాగుచేయించాలని అన్నకు ఎంతో ఆశ. అందుకే విప్పాను. తీగల మోతను పట్టుకునే పికప్‌లకు కొత్త షీల్డు వైరు వేసి, ఒకదాని కొసలు తిరగేసి కలిపాను. స్వరం నిండుగా వచ్చింది కానీ గుయ్యిమనడం పోలేదు. పైగా తీగల ఎర్త్ వైరు లోపల తెగింది, నా చేతికి అందలేదు. చెయ్యి ఆనించి చూశాను. చప్పుడు ఆగలేదు.

కూడికలో పాట అయ్యాక, వాయించినతను గిటార్‌ను కుర్చీలో పెట్టి పక్కకు జరిగాడు. పాస్టరుగారు ప్రార్థన చేద్దామన్నారు. గుయ్యిమనడం ఆగిపోయింది.

కరెంటు పోయిందనుకున్నాను. ఆంప్లిఫయర్ ఎర్రలైటు వెలుగుతూనే ఉంది, ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఆమెన్ అనగానే మళ్ళీ మొదలైంది. వదిన గిటార్ వైపే చూస్తోంది.

కూడిక అయ్యాక వదిన ఇంట్లో మళ్ళీ విప్పాను. వైరు తెగినట్టే ఉంది. ఎట్లాగైనా అతికిస్తానంటే వదిన గిటార్ లాక్కుంది.

"వద్దు తమ్మీ. గట్లనే ఉండనియ్యి."

మర్నాడు మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. గిటార్ మంచం మీద ఉంది, ఆంప్లిఫయర్ లైటు వెలుగుతోంది, చప్పుడు లేదు. వదిన మోకాళ్ళూని ప్రార్థన చేస్తోంది. ఇన్నాళ్ళకు చేస్తోందని నా కళ్ళు చెమర్చాయి. కదిలించకూడదని గడప దగ్గరే నిలబడ్డాను.

చాలాసేపు నిలబడ్డాను. ప్రార్థన చివరికొచ్చేది, మళ్ళీ మొదటికి వెళ్ళేది. గొంతు జీరబోయినా ఆపలేదు. ఆమెన్ అంటే అన్న చెయ్యి తీసేస్తాడని ఆమె బెంగ అని అప్పుడు అర్థమై భయం వేసింది.

ఆ చప్పుడు ఎందుకు ఆగిందో నాకు ఈనాటికీ తెలియదు. ఆ రోజు పొద్దు గూకింది. వదిన ఇంకా ఆమెన్ అనలేదు.