వంకలో నీళ్లు నడుము దాకానే

ఆ రోజు వంకలో నీళ్లు నా నడుము దాకానే ఉన్నాయి. ఈ ఒక్క మాట చెప్పడానికి నాకు ముప్పై ఐదేళ్లు పట్టింది. ఇంకో మాట కూడా ఉంది. నేను ఆ నీళ్లలోకి దూకలేదు, కాళ్ల కింద గట్టు విరిగి పడ్డాను. ఈ రెండు మాటలూ పదహారేళ్ల వయసులోనే చెప్పి ఉంటే ఒక మనిషి మా ఊళ్లో తలెత్తుకుని తిరిగేవాడు. చెప్పలేదు కనుక ఆయన బదులు నేను తిరిగాను.

మొన్న మా అమ్మాయి నిశ్చితార్థం భోజనాల్లో మా ఆవిడ కాబోయే వియ్యపురాలికి ఆ కథ మళ్లీ చెప్పింది. మా ఇంట్లో ఏ శుభకార్యమైనా విస్తట్లోకి చారు వచ్చే వేళకు ఆ కథ కూడా వస్తుంది. వంక పొంగడం, తాను కొట్టుకుపోవడం, నేను ప్రాణాలకు తెగించి దూకడం, మెడలోతు నీళ్లలో తనను మోసుకుని ఒడ్డు చేర్చడం, ఇవన్నీ వరసగా చెప్పుకొచ్చి, గాడిద దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది, ఆమెతో పాటు పంక్తి అంతా నవ్వుతుంది. ఆ రోజూ అంతే జరిగింది. కానీ నవ్వుతూ నేను ఊరికే అటు తల తిప్పితే, పంక్తి చివర కూర్చున్న మా ఆవిడ మేనబావ, అంటే ఆమె మేనమామ కొడుకు, విస్తట్లో అన్నం సగం ఉండగానే లేచి, "మజ్జిగ వచ్చిందో లేదో సూసొస్తా" అంటూ వంటశాల వైపు వెళ్లిపోయాడు. మజ్జిగ బిందె ఆయన పక్కనే ఉంది.

అప్పుడు ఒక్కొక్కటే గుర్తుకు రాసాగాయి. మా పెళ్లిలో, పిల్ల పేరు పెట్టిన రోజున, ఇల్లు కట్టుకుని పాలు పొంగించిన రోజున, ప్రతిసారీ కథ సరిగ్గా గాడిద దగ్గరికి రాగానే ఆయన ఏదో ఒక పని మీద లేచేవాడు. అన్నేళ్లు అది నా కళ్ల ముందే జరిగింది, నేను చూడలేదు.

మరునాడు పొద్దున్నే బండి తీసుకుని వంక దగ్గరికి పోయాను. కంబదూరు వైపు మా ఊరికి పోయే దారిలో ఇప్పుడు వంక మీద వంతెన ఉంది. వంతెన పక్కన నీళ్ల లోతు తెలియడానికి తెలుపూ నలుపూ గీతలు పూసిన ఒక రాతి స్తంభం పాతారు. పోయిన వానకు వచ్చిన నీళ్ల ఎర్రమట్టి జాడ ఇంకా దాని మీద ఉంది. నేను ఎండిన ఇసుకలోకి దిగి దాని పక్కన నిలబడ్డాను. ఆ జాడ నా నడుము దగ్గర ఆగింది. ఎవరో నన్ను పట్టుకుని చొక్కా పైకెత్తి చూపించినట్టు సిగ్గేసింది.

మా వైపు వాన సంగతి నా ఈడు వాళ్లకు తెలిసిందే. సగం పిల్లలం పదేళ్లు వచ్చేదాకా పారే నీళ్లు చూసి ఉండం. వేరుశనగ చేలలో కాయలు పెరికే రోజుల్లో, ఎవరూ పిలవని ఒక మధ్యాహ్నం, పైన ఎక్కడో కొండల్లో కురిసిన వాన మా వంకలోకి ఎర్రగా దిగింది. అప్పటికి బడి వంకకు అవతల, ఊరు ఇవతల. బడి వదిలి వస్తున్న మేము దాటుడురాళ్ల మీద సగం దూరంలో ఉన్నాం. ముందు నడుస్తున్న అమ్మాయి, అంటే ఇప్పటి మా ఆవిడ, కాలు జారి పడి, పది బారల దూరం కొట్టుకుపోయి, వంక పక్కన మొలిచిన ఒక తుమ్మ మొక్కను పట్టుకుని అరవసాగింది. మిగతావాళ్లం రాళ్ల మీద ఉరికి ఊరి వైపు గట్టెక్కాం. ఉరవడంతా నడి వంకలోనే. ఆమె ఉన్న చోట నీళ్లు సుడి తిరుగుతున్నాయి, అంతే. కానీ నీళ్లు ఎర్రగా ఉన్నాయి, లోతు ఎవరికి తెలుసు? చేలోంచి కాయలు పెరికే ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చి గట్టు మీద నిలబడి గుండెలు బాదుకుంటున్నారు. మా ఊళ్లో ఈత వచ్చినవాడు ఒక్కడూ లేడు.

ఆమె మేనబావ మా కంటే ఒక్క తరగతి పైన. ఆ సమయానికి గట్టు ఎత్తుగా ఉన్న చోట నిలబడి ఉన్నాడు. అక్కణ్నుంచి చూస్తే వంక మలుపులో, బట్టలుతికే తాత గాడిద ఒకటి నీళ్ల మధ్య నిలబడి తుమ్మ కొమ్మ నములుతూ కనబడింది. నీళ్లు దాని పొట్టకు కూడా సరిగ్గా తగలడం లేదు. ఆయన చేతులు రెండూ నోటికి అడ్డం పెట్టి అరిచాడు.

"ఏమ్మే, కాళ్లు కిందపెట్టి లేసి నిలబడు! ఆడ గాడిద నిలబడుకోనుండాది సూడు!"

ఇంతకంటే తెలివైన మాట ఆ రోజు ఆ గట్టు మీద ఇంకెవరూ అనలేదు. కానీ భయంతో ఉన్న పిల్లకు కాళ్లు కింద పెట్టమంటే పెడుతుందా? ఆమె ఇంకా గట్టిగా ఏడ్చింది. ఆయన మనసు ఊరుకోక, ఎందుకైనా మంచిదని, వాళ్ల కాయల గోదాములో ఉన్న తాడు తేవడానికి ఊళ్లోకి పరుగు తీశాడు. నేను మాత్రం బాగా చూద్దామని గట్టు అంచుకు పోయాను. గట్టు విరిగింది.

మోకాళ్ల మీద పడ్డాను. నీళ్లు గడ్డం దాకా వచ్చాయి, ప్రాణం పోయిందనే అనుకున్నాను. ఆ ఊపులో తుమ్మ మొక్క దగ్గరికి కొట్టుకుపోతే ఆ అమ్మాయి రెండు చేతులతో నా మెడ పట్టుకుంది. అప్పుడు లేచి నిలబడబోయాను. సగం లేచేసరికి నీళ్లు రొమ్ము దిగాయి, ఇంకొంచెం లేస్తే నడుము. సరిగ్గా అప్పుడే గట్టు మీంచి ఒక అవ్వ "అయ్యో, బంగారట్లా పిల్లోడు, పాప కోసరం దూకినాడే!" అని అరిచింది. నేను మళ్లీ మోకాళ్ల మీదికి దిగాను.

అదే నా పాపం. మిగిలినదంతా దాని వెనకాల వచ్చిందే. గట్టెక్కడానికి వీలున్న చోటి దాకా ఆ గులకరాళ్ల మీద ముప్పై అడుగులు, గడ్డం పైకెత్తి, మోకాళ్లతో నడిచి ఆమెను ఒడ్డుకు చేర్చాను. మోకాళ్లు రెండూ చీరుకుపోయాయి. ఆ గాయాలే నా సాహసానికి సాక్ష్యమయ్యాయి. ఆయన భుజాన తాడు వేసుకుని రొప్పుతూ వచ్చేసరికి అంతా అయిపోయింది, జనం నన్ను ఎత్తుకుని ఉన్నారు.

రెండో రోజు బడి వరండాలో, అందరి ముందూ, ఆయన నా దగ్గరికి వచ్చాడు. కోపం లేదు, నిజం కావాలి, అంతే.

"నువ్వు నీళ్లలో ఉంటివి కదప్పా. చెప్పు, యాడికొచ్చినాయి నీళ్లు?"

ఆ అమ్మాయి తలుపు దగ్గర నిలబడి నన్నే చూస్తోంది. అంతకు ముందు రోజు వరకు నా పేరు కూడా ఆమెకు సరిగ్గా తెలియదు. నా చెయ్యి మెల్లగా లేచి గడ్డం దగ్గర ఆగింది. పిల్లలందరూ ఘొల్లుమన్నారు. వెనక నుంచి ఎవడో గాడిదలా ఓండ్ర పెట్టాడు. ఆయన నా వైపు ఒక్క క్షణం చూసి వెళ్లిపోయాడు, ఆ తర్వాత ఆ మాట మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

ఇక నా వైభవం చెప్పాలంటే, ఆ ఏడాది నేను తిన్నన్ని ఓళిగలు, అంటే బొబ్బట్లు, మా ఊళ్లో ఇంకెవరూ తిని ఉండరు. ఆమె తల్లి శనివారం శనివారం పంపేది. ఆమె నాయనకు బట్టల అంగడి, నాకు రెండు చొక్కాల గుడ్డ చింపించాడు. సైన్సు రికార్డులో బొమ్మలన్నీ ఆ అమ్మాయే వేసింది, నా కప్ప బొమ్మకు ఆమె కప్ప బొమ్మ కంటే మంచి మార్కులు వచ్చినా ఏమీ అనలేదు. మబ్బు పడితే చాలు, తరగతిలో తల తిప్పి నా వైపు చూసేది. మా వైపు మబ్బు పట్టడమే అరుదు కనుక ఆ చూపు కోసం నేను రైతుల కంటే ఎక్కువగా ఆకాశం చూసేవాణ్ని.

వీరుడై ఉండటం మాత్రం తేలిక కాదు. ఈత నేర్పమని పిల్లలు వెంటపడితే, బెంచీ మీద బోర్లా పడుకుని చేతులూ కాళ్లూ ఎలా ఆడించాలో పాఠం చెప్పాను. మా వీధి అవ్వ ఒకామె బొక్కెన బావిలో పడిందని నేరుగా మా ఇంటికే వచ్చి, "దిగు నాయనా, నీకేమి, చాపపిల్లవి" అంటే, చెవిపోటని చెవిలో దూది పెట్టుకుని వారం రోజులు తిరిగాను. మా నాయన ఒక్కడే నన్ను వింతగా చూశాడు.

"ఈత యాడ నేర్చినావురా నువ్వు? మనూర్లో తాగేకే నీళ్లు లేవు, ఈతకు యాడివి?"

"అవ్వోళ్ల ఊర్లో, కాలవలో నాయనా," అన్నాను. మా అవ్వ వాళ్ల ఊళ్లో కాలవ లేదని మా నాయనకు తెలుసు. తువ్వాలు దులుపుకుని లేచాడు.

ఇంత నవ్వులాటలోనూ ఒక మనిషికి నవ్వు లేకుండా పోయింది. ఆ అమ్మాయిని మేనబావకే ఇవ్వాలని వాళ్లింట్లో చిన్నప్పటి నుంచి అనుకున్న మాట. ఆమె ససేమిరా అంది. "నేను మునిగిపోతాంటే గాడిదను సూసుకుంటా నిలబడినోణ్ణి సస్తే చేసుకోను" అందట. ఆయన అంగడి వీధిలో నడుస్తుంటే, "ఏమప్పా, గాడిద నిలబడుకోనుండాదా, పండుకోనుండాదా?" అని పెద్దవాళ్లు కూడా అడిగేవాళ్లు. చదువు మధ్యలో వదిలేసి బళ్లారిలో ఒక బట్టల అంగడికి గుమాస్తాగా పోయాడు. పదేళ్లు ఊరి ముఖం చూడలేదు, ఒక్క మా పెళ్లికి తప్ప. మావీ వ్యాపారుల ఇళ్లే, వరస కుదిరింది. "పాణం కాపాడినోనికి ఇయ్యక ఇంకెవరికిస్తాము" అన్నాడు మా మామ. ఆ పెళ్లికి ఆయనే వచ్చి, గోదాములోంచి ఆ తాడే తీసి, మా పందిరి కట్టాడు.

మా కాపురం చల్లగానే సాగింది, ఆ మాట చెప్పుకోకపోతే అన్యాయమవుతుంది. కృతజ్ఞతతో పుట్టిన ప్రేమ ఎంతకాలం నిలుస్తుందని నాకు లోలోపల భయంగా ఉండేది. మా ఆవిడకు ఆ కృతజ్ఞత పెళ్లైన ఏడాదికే చారులో ఉప్పు తగాదా దగ్గర తీరిపోయింది, మిగిలిన ప్రేమ మాత్రం తీరలేదు. ఆయన కూడా తర్వాత కళ్యాణదుర్గంలో సొంత అంగడి పెట్టుకుని, ఆలస్యంగానైనా పెళ్లి చేసుకుని, బాగానే ఉన్నాడు. మా అమ్మాయికి ఈ పెద్దనాయన అంటే ప్రాణం. అందరం బాగానే ఉన్నాం కదా, ఇక ఆ పాత మాట ఎందుకు అనుకుంటూ వచ్చాను. బాగా ఉన్నది నేను, ఓర్చుకున్నది ఆయన.

ఆ రాతి స్తంభం దగ్గర్నుంచి తిరిగి వచ్చి మా ఆవిడకు అంతా చెప్పాను. నా మోకాళ్ల వైపు చూసింది.

"మోకాళ్ల మీద నడిచినావా? లేసి నడిచింటే నీకే సులువు కదయ్యా."

అంతే. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు కాఫీ గ్లాసు నా ముందు పెట్టి అంది: "నాకు చెప్తే తీరేది కాదిది. బావను నలుగుర్లో నవ్వినాము. నేనే ముందు నవ్వినా. నలుగుర్లోనే చెప్పు."

ఇప్పటి పిల్లలకు ఇదంతా వింతగా ఉంటుంది. ఇప్పుడైతే గట్టు మీద పది ఫోన్లు ఉండేవి, సాయంత్రానికల్లా నా మోకాళ్లూ గాడిద పొట్టా ఊరంతా చూసి ఉండేది. వంక మీద వంతెన వచ్చింది, దాటుడురాళ్లు ఇసుకలో కూరుకుపోయాయి, కాయలు వేసిన చేలలో చీనీ బత్తాయి తోటలు వచ్చాయి. నీళ్లు ఎంత లోతో చెప్పడానికి ఇప్పుడు ఒక రాయి ఉంది. అప్పుడు చెప్పడానికి ఒక మనిషి ఉంటే మేం నవ్వాం.

పెళ్లి పత్రికలకు పసుపు పెట్టిన రోజున మళ్లీ అవే పంక్తులు, అదే వియ్యాలవారు. చారు వచ్చింది. మా ఆవిడ కథ మొదలుపెట్టలేదు. వియ్యపురాలే నవ్వుతూ, "వదినా, ఆ గాడిద కథ మా చెల్లెలు ఇనలేదంట, చెప్పు" అంది. పంక్తి చివర ఆయన విస్తరి ముందు నుంచి లేవబోయాడు.

"కూచో అన్నా," అని నేను లేచాను. అందరూ నా వైపు చూశారు. వరండాలో ఆ రోజు లేచిన చెయ్యే మళ్లీ లేపి, అరచెయ్యి నడుము మీద పెట్టుకున్నాను.

"ఈడికే వచ్చిండె నీళ్లు. నేను దూకలేదు, గట్టు ఇరిగి పడినా. గాడిద నిలబడుకోనే ఉండె. నువ్వు అడిగిన రోజు నేను చెప్పింటే నీకు ఇదంతా ఉండేది కాదు. తప్పు నాదన్నా. నన్ను మన్నించు."