పాప బరువుకు కట్టిన పొట్లాలు

సోమవారం పొద్దున మా పెద్ద ఫార్మసిస్టుగారు పోయారు. గాజువాకలో ఇంటి మెట్లు దిగుతూ కూలబడ్డారట. ఆ కబురు వినగానే, ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న నాకు ముందు గుర్తొచ్చింది ఆయన కాదు, ఆయన చేత్తో కట్టిన మందు పొట్లాలు. ఆసుపత్రి పిల్లల వార్డులో ఉన్న గుండెజబ్బు పాపకు ఇంకా రెండే మిగిలాయి. అలా ఆలోచించినందుకు సిగ్గుపడుతున్నాను.

పసిపిల్లల గుండెకు కావలసిన మందు చాలాసార్లు పెద్దవాళ్ల మాత్రగానే దొరుకుతుంది. పిల్లలకు వాడవచ్చని పెట్టె మీద ఎక్కడా ఉండదు. డాక్టరు బరువును బట్టి మోతాదు రాస్తే, ఆయన మాత్రను నూరి, తూచి, ఒక్కో మోతాదును ఒక్కో పొట్లంగా కట్టేవారు. "వేరే మందు లేనప్పుడు ఇదైనా రాయక ఏం చేస్తాం?" అనేవారు డాక్టర్లు. పసివాళ్లకు పడుతుందో లేదోనని నర్సులు హడలిపోయేవారు. ఆయన ఇద్దరి మాటా ఒప్పుకునేవారు. "బయపడు అమ్మడూ, తప్పులేదు. తల్లి దగ్గర మాత్రం దాయకు" అనేవారు నాతో.

ఈ పాప తల్లి భీమిలిలో చేపలమ్ముతుంది. మొదటిరోజే మా మీద విరుచుకుపడింది.

"పెద్దోల మందు నా గుంటకి, ఇంత పసిదానికి ఏత్తారేటి?"

ఆయన ఆమె పక్కన నేలమీద కూర్చున్నారు. "అవునమ్మా. ఇది పిల్లల కోసం సేసింది కాదు. ఇయ్యకపోతే పాపకి ఊపిరాడదు. నానూ బయపడే కడతన్నాను" అన్నారు. ఆమె చాలాసేపు ఏడ్చి, సరేనంది.

తర్వాత ఒకసారి నేను పాత బరువుతో లెక్క కట్టాను. ఒంటికి పట్టిన నీరు దిగి పాప బరువు తగ్గిన సంగతి చూసుకోలేదు. ఆయన తిట్టలేదు. కట్టినవన్నీ నాచేతే పారేయించి, "నిన్నటి పిల్లకి కట్టీసేవు. ఇయ్యాల్టి పిల్లని తూసిరా" అన్నారు.

మంగళవారం పాపను నేనే తూచాను. లెక్క మూడుసార్లు చేశాను. నర్సు విడిగా చేసింది. అంకె ఒక్కటే వచ్చింది, అయినా నాకు నమ్మకం కుదరలేదు. ఒక్కసారి అడుగుదామని ఆయన నంబరు తీసి, ఫోను పక్కన పెట్టి ఏడ్చాను. ఆయన మీద కోపం కూడా వచ్చింది. నాకు ఇంకా ఏమీ రాదు, ఎలా వెళ్లిపోయారు?

పొట్లం చేతిలో పెట్టగానే తల్లి అడిగింది.

"ఇది ఆ బాబు కట్టిందేనా?"

"కాదమ్మా. ఆయన పోయారు. నేను కట్టాను."

ఆమె పొట్లాన్ని పిడికిట్లో బిగించి నా మొహంకేసి ఒకసారి చూసి మంచం వైపు తిరిగింది. మంచం మీద పాప అప్పటికే నోరు తెరిచింది.