బస్సప్పా, దేవదానమా

నిన్న పొద్దున ఫోన్ మోగింది. స్క్రీన్ మీద మొగులప్ప పేరు.

ఎప్పటిలాగే హలో కూడా అనకుండా, "ఇయ్యాల గూడ మా దేవదానమే" అన్నాను.

అవతల వాడి బిడ్డ.

"కాకా, నాయిన పోయిండు" అంది.

ఆ తర్వాత ఆమె ఏం చెప్పిందో గుర్తు లేదు. నేనన్న మాట మాత్రం నా చెవిలోంచి పోవడం లేదు.

ఈ పేజీ చూసే మా పిల్లలకు మొగులప్ప ఎవరో సరిగ్గా తెలియదు. అరవైలలో వాడు రోజూ తాండూరు నుంచి ప్యాసింజర్‌లో వికారాబాద్ స్కూలుకు వచ్చేవాడు. ఇద్దరిదీ ఒకే బెంచీ, ఒకటే పిచ్చి. బాస్కెట్‌బాల్.

మీరు టీవీ ముందు కూర్చుని అమెరికా ప్లేయర్ల పేర్లు చెప్పి, ఎవరు గ్రేటెస్ట్ అని కొట్టుకుంటారు. మాకు లోకం మొత్తంలో ఇద్దరే ప్లేయర్లు. వికారాబాద్ దేవదానం, తాండూరు బస్సప్ప.

మా కోర్టు ఎర్రమట్టిది. బాల్ సరిగ్గా లేచేది కాదు. అందుకే దేవదానం దూరం నుంచే గురి చూసి వేసేవాడు. బస్సప్ప అట్లా కాదు. బాల్ కొట్టుకుంటూ ఐదుగురి మధ్య నుంచి దూరిపోయేవాడు.

ఎవరు గొప్ప అని సాయంత్రం రైలు కదిలేదాకా ప్లాట్‌ఫామ్ మీద అరుచుకునేవాళ్లం. పెళ్లిళ్లయ్యాక ఉత్తరాల్లో, తర్వాత ఫోన్లలో. అరవై ఏళ్లు.

మేం స్కూల్లో ఉండగా ఒక ఏడు ఈ రెండూళ్ల మధ్య ఫైనల్ పడింది, తాండూరులో. బస్సప్పకు బాల్ బాగా లేవాలని అక్కడి బండల పనివాళ్లు కోర్టంతా నాపరాళ్లు పరిచారు. ఇంట్లో పరిచే బండల్లాగే నీళ్లు పోసి, రుద్ది రుద్ది నున్నగా చేశారు. వాళ్లకు తెలిసిన మంచి పని అది.

రింగు కింది జాగా రుద్దే పని మొగులప్పకూ, బండల పని చేసే వాళ్ల నాయనకూ వచ్చింది. "దాంట్ల మొఖం కనవడ్తదిరా" అని వాడు మురిసిపోయాడు.

ఆట సగంలో తుంపర పడింది.

బస్సప్ప ఎగిరి బాల్ వేసి, ఆ బండ మీదే దిగాడు. కాలు జారింది. మోకాలు విరిగిన చప్పుడు గోడ దగ్గర నిలబడ్డ మాకు వినిపించింది.

కప్పు దేవదానం తెచ్చుకున్నాడు. బస్సప్ప మళ్లీ కోర్టులోకి రాలేదు. గడియారాలు బాగుచేసుకుంటూ, కాలు ఈడ్చుకుంటూ బతికి, పోయాడు.

"గెలిచింది మావోడే గదరా!" ఇదీ నా వాదన. ప్రతిసారీ ఇదే. దానికి వాడు బస్సప్ప ఆటంతా మళ్లీ మొదటి నుంచి చెప్పేవాడు. నాకు అదో సరదా.

ఒక్కసారే, వాళ్ల నాయన పోయిన రోజున, వాడు వేరేగా మాట్లాడాడు. "మేం రుద్దిన బండ ఆయన కాలు తీసుకున్నది. పేరన్న మిగలాలె గదరా."

ఆ రోజైనా నేను ఒప్పుకుని ఉండాల్సింది. బస్సప్పే గొప్పవాడని నాకు ఎప్పుడో తెలుసు. ఒప్పుకుంటే వాడు ఇక ఫోన్ చెయ్యడేమో అనుకున్నాను. బుద్ధిలేని భయం.

పోయిన ఆదివారం హాస్పిటల్ నుంచి చేశాడు. గొంతు సరిగ్గా రావడం లేదు.

"ఒక్కసారి అనురా, బస్సప్పే అని. విని పండుకుంట."

"నేను సచ్చినా అన" అన్నాను, నవ్వుతూ.

వాడూ నవ్వాడు. దగ్గు వచ్చింది. "సరే తీ" అన్నాడు.

వచ్చే ఆదివారం మళ్లీ మొదలుపెడతాడులే అనుకుని ఫోన్ పెట్టేశాను.

నిన్న తాండూరు వెళ్లాను. వాడి చెవి దగ్గర వంగి చెప్పాను, రెండుసార్లు. "గట్ల రా తొవ్వకు" అని, దారికొచ్చావన్నట్టు నవ్వేవాడు బతికుంటే.

ఇప్పుడు ఈ వాదనలో నాకు ఎదురు లేదు. గెలిచి ఏం చేసుకోను?

ఇది చదివేవాళ్లలో బస్సప్ప ఆట చూసినవాళ్లు ఎవరైనా ఉంటే కింద ఒక్క మాట రాయండి. ఉండరని తెలుసు. ఆ ఆట చూసిన కళ్లు ఇంక నావే మిగిలాయి, వాటికీ శుక్లాలు వచ్చాయి.

బస్సప్పేరా, మొగులప్పా. బస్సప్పే.

నిమ్మళంగ పండుకో.